అధికసంఖ్యాకుల నిర్ణయము - అల్పసంఖ్యాకుల హక్కు
(ఉన్నత తరగతుల విద్యార్థులకు పౌరశాస్త్ర పాఠము)

"ప్రజాస్వామ్యమనగా నేమి?" అని పరీక్షలో ప్రశ్న వచ్చినప్పుడు మన విద్యార్థులలో పెక్కుమంది "అధికసంఖ్యాకుల పాలన" అని ఒక్క వాక్యములో సమాధానము వ్రాసి ముగింతురు. ఆ సమాధానము తప్పు కాదు; కాని అది సగము మాత్రమే. రెండవ సగము తెలియనిచో మొదటి సగము కూడ సరిగా బోధపడదు. తెలుగునాటికి వెలుపలి రాష్ట్రములలో తరతరములుగా స్థిరపడియున్న మనకు ఆ రెండవ సగము కేవలము పాఠ్యాంశము కాదు. మన పాఠశాల తలుపులు తెరచియుండుటకు ఆధారమైన విషయమది. కావున ఈ వ్యాసమున అధికసంఖ్య, అల్పసంఖ్య, స్వాతంత్ర్యము, సమానత్వము అను నాలుగు భావములను క్రమముగా విచారింతము.

1. అధికసంఖ్య మాట ఏల చెల్లవలెను?

పదిమంది కలిసి జీవించుచోట అందరి అభిప్రాయమును ఎల్లప్పుడును ఒకటిగా నుండదు. అందరును ఒప్పుకొనువరకు ఏ పనియు చేయరాదన్నచో ఏ పనియు జరుగదు. ఒక్కని మాటయే చెల్లవలెనన్నచో అది రాజరికమగును. ఈ రెంటికిని నడుమ నున్న మార్గమే అధికసంఖ్యాకుల నిర్ణయము. ఆంగ్ల తత్త్వవేత్త జాన్ లాక్ 1689లో వెలువడిన తన రాజనీతి గ్రంథములో దీనిని సమర్థించెను. జనులు ఒక సమాజముగా నేర్పడిన పిమ్మట ఆ సమాజము ఒక్క శరీరము వంటిది. శరీరము ఏదో ఒక దిక్కునకే కదలగలదు. ఎటువైపు బలము హెచ్చుగా నున్నదో అటు కదలుట సహజము. ఇది ఆయన వాదసారము.

ఫ్రెంచి భాషలో వ్రాసిన జెనీవా నగరవాసి రూసో 1762లో ప్రకటించిన "సామాజిక ఒడంబడిక" అను గ్రంథములో మరియొక అడుగు ముందునకు వేసెను. ప్రతివాడును తన లాభము కోరి చెప్పిన కోరికలనన్నిటిని కూడినచో వచ్చునది "అందరి ఇచ్ఛ" మాత్రమే. సర్వుల మేలును ఉద్దేశించినది "సామాన్యేచ్ఛ" అని ఆయన విభజించెను. ఈ విభజన మిక్కిలి విలువైనది. ఎక్కువమంది కోరినంత మాత్రమున ఒక కోరిక లోకహితమగునని చెప్పరాదని దానివలన తెలియుచున్నది. ఐనను రూసో వాదములో ఒక చిక్కు గలదు. ఓటులో ఓడినవాడు సామాన్యేచ్ఛ ఏదో పొరపాటుగా ఊహించినాడనియే అనుకొనవలెనని ఆయన భావము. పన్నుల విషయములోనో, వంతెన కట్టుట విషయములోనో ఈ మాట కొంతవరకు చెల్లును. కాని తల్లి ఒడిలో నేర్చిన భాష విషయములో ఎవడైనను "పొరపాటు" పడుట ఎట్లు? అభిప్రాయము తప్పు కావచ్చును. మాతృభాష తప్పు కానేరదు.

2. అల్పసంఖ్యలు రెండు విధములు

ఒక ఉదాహరణము తీసికొందము. ఒక తరగతిలో నలుబదిమంది విద్యార్థులున్నారు. ఆటల సమయమున ఏ ఆట ఆడవలెనని ఓటు తీసికొనగా ఇరువదియైదుగురు కబడ్డీ యనియు, పదునైదుగురు ఖోఖో యనియు చెప్పిరి. కబడ్డీ ఆడిరి. ఇందు అన్యాయమేమియు లేదు. వచ్చువారము ఖోఖో కోరినవారు తమ మిత్రులలో ఆరుగురిని ఒప్పించుకొన్నచో వారే అధికసంఖ్యాకులగుదురు. ఈనాడు ఓడినవాడు రేపు గెలువవచ్చును. ఆ ఆశ యున్నందువలననే ఓడినవాడు నిర్ణయమును మనఃపూర్వకముగా శిరసావహించును.

ఇప్పుడు అదే తరగతిలో ఆ ఇరువదియైదుగురు మరియొక తీర్మానము చేసిరనుకొనుడు: "సంవత్సరమంతయు గది ఊడ్చుట ఆ పదునైదుగురి పని." చేతులెత్తించి లెక్కించినారు, లెక్క సరిపోయినది. ఐనను ఇది న్యాయమని ఏ పసివాడును అనడు. మొదటి ఓటు ఇష్టాయిష్టములను గూర్చినది. రెండవది మనుష్యుల స్థానమును గూర్చినది. అందరును సమానులనియే గదా ఒక్కొక్కరికి ఒక్కొక్క ఓటు ఇచ్చితిమి! ఆ ఓటుతోనే కొందరిని తక్కువవారిగా నిర్ణయించుట, కూర్చున్న కొమ్మను నరుకుకొనుట వంటిది.

పై రెండు ఉదాహరణములనుండి ముఖ్యమైన సూత్రమొకటి లభించుచున్నది. అభిప్రాయమువలన ఏర్పడిన అల్పసంఖ్య మారునది. పుట్టుకవలన, భాషవలన, మతమువలన ఏర్పడిన అల్పసంఖ్య మారనిది. ఎన్ని ఎన్నికలు జరిగినను, ఎంత చక్కగా వాదించినను ఒక రాష్ట్రములోని భాషాల్పసంఖ్యాకులు అక్కడ అధికసంఖ్యాకులు కాజాలరు. "ఓపిక పట్టుడు, రేపు మీరును గెలుతురు" అను ఓదార్పు వారికి వర్తింపదు. అందువలన మారని అల్పసంఖ్యకు ఓటు చాలదు. ఓటుచేత తీసివేయరాని హక్కు కావలెను. ఈ పాఠములో జ్ఞాపకముంచుకొనవలసిన మాట ఇదియే.

3. పెక్కుమంది నిరంకుశత్వము

టాక్విల్ అను ఫ్రెంచి పండితుడు 1831, 1832 సంవత్సరములలో అమెరికా దేశమున పర్యటించి, 1835లో ఆ దేశపు ప్రజాస్వామ్యమును గూర్చి గొప్ప గ్రంథమును ప్రకటించెను. ఆయన ప్రజాస్వామ్యమునకు విరోధి కాడు. ఐనను అందులో నొక ప్రమాదమును గుర్తించి దానికి "అధికసంఖ్యాకుల నిరంకుశత్వము" అని పేరు పెట్టెను. రాజు అన్యాయము చేసినచో ప్రజలకు మొరపెట్టుకొనవచ్చును. ప్రజలే అన్యాయము చేసినచో ఎవరికి మొరపెట్టుకొనవలెను? ఇది ఆయన ప్రశ్న.

జాన్ స్టూవర్ట్ మిల్ 1859లో "స్వాతంత్ర్యము" అను గ్రంథములో ఈ ప్రశ్నను ఇంకను లోతుగా పరిశీలించెను. నిరంకుశత్వము చట్టముల ద్వారానే వచ్చునని ఎంచరాదు. ఇరుగుపొరుగువారి చూపులద్వారా, పరిహాసముద్వారా, ఆచారముద్వారా కూడ వచ్చును. చట్టమునకు చిక్కనివాడు కూడ దీనికి చిక్కును. ఇతరులకు హాని కలుగకుండ నివారించుటకు తప్ప ఒకని స్వేచ్ఛలో సమాజము జోక్యము చేసికొనరాదని మిల్ సిద్ధాంతము. సంతలోనో బస్సులోనో తల్లితో తెలుగు మాటలాడుటకు సిగ్గుపడి గొంతు తగ్గించుకొను బాలునికి ఏ చట్టమును అడ్డుచెప్పలేదు. ఐనను వాని గొంతు తగ్గినది. మిల్ చెప్పిన రెండవ విధమైన నిర్బంధమునకు ఇది ఉదాహరణము.

4. సమానత్వమునకు రెండర్థములు

నక్క కొంగను విందునకు పిలిచి పళ్లెములో పాయసము వడ్డించిన కథ మీరందరును చిన్ననాట విన్నదే. ఇద్దరికిని ఒకే పళ్లెము, ఒకే పాయసము. నక్క నాకి త్రాగినది, కొంగ పస్తున్నది. "ఇద్దరికిని సమానముగనే వడ్డించితిని గదా!" అని నక్క అనవచ్చును. ఈ కథలోని నీతి ఒకప్పుడు అంతర్జాతీయ న్యాయస్థానములో విచారణకు వచ్చినదన్నచో మీకు ఆశ్చర్యము కలుగవచ్చును.

ఐరోపా ఖండములో గ్రీసునకు పొరుగున అల్బేనియా అను చిన్న దేశమున్నది. దాని దక్షిణ భాగమున గ్రీకు భాష మాటలాడు అల్పసంఖ్యాకులు గలరు. 1921 అక్టోబరు 2వ తేదీన ఆ దేశము నానాజాతి సమితి ఎదుట ఒక ప్రకటన చేసెను. అల్పసంఖ్యాకులు తమ సొంత ఖర్చుతో పాఠశాలలు నడపుకొనుటకును, అందు తమ భాషను వాడుకొనుటకును ఇతరులతో సమానమైన హక్కు కలిగియుందురని, చట్టమునందును వాస్తవమునందును వారికి సమానాదరణ లభించునని ఆ ప్రకటనలోని మాట. 1933లో ఆ దేశము తన రాజ్యాంగమును సవరించి, విద్య ప్రభుత్వమునకు మాత్రమే చెందినదని, ప్రైవేటు పాఠశాలలన్నియు మూసివేయబడునని శాసించెను. గ్రీకువారు మొరపెట్టుకొనిరి. "మేము అల్పసంఖ్యాకుల పాఠశాలలనే మూయలేదు, అందరివియు మూసితిమి. ఇందు భేదభావమెక్కడిది?" అని అల్బేనియా ప్రభుత్వము వాదించెను.

హేగ్ నగరములోని శాశ్వత అంతర్జాతీయ న్యాయస్థానము 1935 ఏప్రిల్ 6వ తేదీన తన అభిప్రాయమును వెల్లడించెను. ఎనిమిదిమంది న్యాయమూర్తులు ఒకవైపు, ముగ్గురు మరియొకవైపు నిలిచిరి. అధికసంఖ్యాకుల పిల్లలకు ప్రభుత్వ పాఠశాల వారి సొంత భాషలోనే, వారి అవసరములకు తగినట్లే నడచును. కావున ప్రైవేటు పాఠశాల పోయినను వారికి పెద్ద నష్టము లేదు. అల్పసంఖ్యాకుల పిల్లలకు తమ పాఠశాల పోయినచో దానికి బదులుగా నిలుచునది మరియొకటి లేదు. చట్టము ఒకటే, ఫలితము వేరు. చట్టములోని సమానత్వమునకును వాస్తవములోని సమానత్వమునకును భేదమున్నదని, అల్బేనియా వాదము నిలువదని న్యాయస్థానము నిర్ణయించెను.

దీనివలన తెలియునదేమి? అల్పసంఖ్యాకులకు ప్రత్యేక పాఠశాల యుండుట వారికిచ్చిన బహుమానము కాదు, దయాదానమును కాదు. ఇతరులకు సహజముగా లభించినదానిని వారికిని లభింపజేయుటకు అది సాధనము. కొంగకు కూజా ఇచ్చుట పక్షపాతము కాదు.

5. మన రాజ్యాంగము చేసిన యేర్పాటు

మన రాజ్యాంగ నిర్మాతలు ఈ విషయమును చక్కగా నెరిగినవారు. 1948 డిసెంబరు 8వ తేదీన రాజ్యాంగసభలో నేటి 29వ అధికరణమునకు మూలమైన ముసాయిదా చర్చకు వచ్చినది. అల్పసంఖ్యాకులన్నచో మతమునుబట్టి ఏర్పడినవారు మాత్రమే కాదని, మద్రాసునుండి పోయి బొంబాయిలో స్థిరపడినవారివలె, మహారాష్ట్రమునుండి పోయి వంగదేశములో స్థిరపడినవారివలె భాషా సంస్కృతులనుబట్టి అల్పసంఖ్యాకులైన వారికిని ఈ రక్షణ చెందవలెనని డాక్టరు అంబేద్కరు గారు ఆనాడు వివరించిరి. కావుననే 29వ అధికరణము మొదటి భాగములో "అల్పసంఖ్యాకులు" అను మాటయే లేదు. ప్రత్యేకమైన భాషగాని, లిపిగాని, సంస్కృతిగాని గల "పౌరులలో ఏ వర్గమైనను" దానిని కాపాడుకొను హక్కు గలదని యున్నది.

30వ అధికరణము ఇంకను స్పష్టముగా, మతమునుబట్టిగాని భాషనుబట్టిగాని అల్పసంఖ్యాకులైనవారు తమ కిష్టమైన విద్యాసంస్థలను స్థాపించి నిర్వహించుకొను హక్కు కలిగియుందురని చెప్పుచున్నది. సహాయధన మిచ్చునప్పుడు అది అల్పసంఖ్యాకుల సంస్థ యను కారణముచేత ప్రభుత్వము భేదము చూపరాదు. ఈ రెండును ప్రాథమిక హక్కులు. వీనికి భంగము కలిగినచో 32వ అధికరణము ననుసరించి నేరుగా సుప్రీముకోర్టునకు పోవచ్చును. శాసనసభలోని అధికసంఖ్య వీనిని కాదనజాలదు.

పిమ్మట భాషాప్రయుక్త రాష్ట్రములు వచ్చినవి. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రమును, 1956 నవంబరు 1న దేశమంతట పునర్వ్యవస్థీకృత రాష్ట్రములును ఏర్పడినవి. సరిహద్దులెంత జాగ్రత్తగా గీసినను ప్రతి రాష్ట్రములోను అన్యభాషీయులు మిగిలియుందురని ఫజలాలీ అధ్యక్షతన పనిచేసిన సంఘము 1955లో సమర్పించిన నివేదికలో గుర్తించి, వారికి రక్షణలు కావలెనని సూచించినది. తత్ఫలితముగా 1956లో ఏడవ సవరణద్వారా 350-ఎ, 350-బి అధికరణములు చేర్పబడినవి. భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన లభించునట్లు ప్రతి రాష్ట్రమును ప్రయత్నింపవలెనని మొదటిది చెప్పును. రెండవది భాషాల్పసంఖ్యాకుల కొరకు ప్రత్యేకాధికారిని నియమించుటను గూర్చినది. ఆ కార్యాలయము 1957లో ఆరంభమైనది; ఆ యధికారి నివేదికలు రాష్ట్రపతిద్వారా పార్లమెంటు ముందుంచబడును.

విద్యార్థులు ఇచ్చట నొక భేదమును గమనింపవలెను. 30వ అధికరణములో "హక్కు" అని యున్నది. 350-ఎలో "ప్రయత్నింపవలెను" అని మాత్రమే యున్నది. మొదటిది మన చేతిలోని పని. రెండవది ప్రభుత్వము చేయవలసిన పని. మొదటిదాని బలము రెండవదానికి లేదు. సంఘము తన పాఠశాలను తాను నిలుపుకొనుట ఏల ముఖ్యమో ఈ ఒక్క మాటవలన తెలియగలదు.

6. హక్కునకు హద్దులు

హద్దులేని హక్కు లేదు. కేరళ విద్యా బిల్లు విషయమై రాష్ట్రపతి సలహా కోరగా 1958లో సుప్రీముకోర్టు చెప్పిన అభిప్రాయము ఈ విషయమున దారిదీపము. నిర్వహించు హక్కు అనగా చెడుగా నిర్వహించు హక్కు కాదు. ఉపాధ్యాయుల యోగ్యత, పిల్లల ఆరోగ్యము, బోధనా ప్రమాణములు మొదలగువానిని గూర్చి ప్రభుత్వము నియమములు చేయవచ్చును. కాని "మీ హక్కును వదలుకొన్నచో సహాయధన మిత్తుము" అని అనుటకు వీలులేదు.

సహాయధనము పొందు పాఠశాల కేవలము భాష కారణముగా ఏ బాలుని చేర్చుకొననని చెప్పరాదని 29వ అధికరణము రెండవ భాగము శాసించుచున్నది. రాష్ట్రభాషను తప్పక నేర్పవలెనను నియమము కూడ మన హక్కునకు భంగము కాదు. మహారాష్ట్రలోని గుజరాతీ భాషాల్పసంఖ్యాకుల పాఠశాలలలో మరాఠీ బోధన తప్పనిసరి చేయుట సమంజసమేనని 2004లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. ఇది న్యాయముగనే యున్నది. మనము నివసించు నేల భాష మనకు అన్నము పెట్టు భాష. దానిని చక్కగా నేర్చినవాడే తన ఇంటి భాషకును గౌరవము తేగలడు.

డాక్టరు అంబేద్కరు గారు 1948 నవంబరు 4న రాజ్యాంగసభలో చేసిన ఉపన్యాసములో ఇరుపక్షములను హెచ్చరించిరి. అల్పసంఖ్యాకులు లేనేలేరని అధికసంఖ్యాకులనుట తప్పు. ఎన్నటికిని వేరుగనే యుండిపోవుదుమని అల్పసంఖ్యాకులనుటయు తప్పే. రెండును ఒకనాటికి ఏకము కావలెనని వారి ఆశయము. ఏకమగుట యన్నచో మాతృభాషను మరచుట అని అర్థము చేసికొన నక్కరలేదు. ఒకే రాష్ట్రపు పౌరులుగా సుఖదుఃఖములను పంచుకొనుటలో ఏకము కావలెను. ఇంటి మాటలో కాదు.

మరియొక విషయము. సంఖ్య అనునది స్థలమునుబట్టి మారును. ఇచ్చట మనము అల్పసంఖ్యాకులము. ఆంధ్రప్రదేశము, తెలంగాణములలో తెలుగువారే అధికసంఖ్యాకులు. అచ్చట చిత్తూరు ప్రాంతమున తమిళులు, అనంతపురము, ఆదోని ప్రాంతములలో కన్నడిగులు, శ్రీకాకుళము వైపున ఒడియావారు, ఆదిలాబాదు ప్రాంతమున మరాఠీవారు అల్పసంఖ్యాకులు. మనమిచ్చట ఏది కోరుచున్నామో దానినే అచ్చట తెలుగువారు వారికి ఒసగవలెను. తనకు కావలసినప్పుడు హక్కనియు, ఇతరులకు ఇయ్యవలసినప్పుడు దయ యనియు చెప్పువానికి న్యాయము తెలియదు.

7. హక్కు నిలుచుట ఎట్లు?

ఇంతవరకు లెక్కకు లొంగని హక్కును గూర్చి చెప్పుకొంటిమి. చివరకు మరల లెక్కకే రావలసియున్నది. 1949 ఆగస్టులో జరిగిన రాష్ట్రముల విద్యామంత్రుల సమావేశము ఒక నియమమును ఏర్పరచినది. ఒక ప్రాథమిక పాఠశాలలో మొత్తము మీద 40 మందిగాని, ఒక తరగతిలో 10 మందిగాని ఆ భాష పిల్లలున్నచో వారి మాతృభాషలో బోధించుటకు కనీసము ఒక ఉపాధ్యాయుని నియమింపవలెనని దాని సారము. 10 మంది 9 అయినచో ఆ నియమము మనకు చెప్పునది ఆగిపోవును.

2014లో సుప్రీముకోర్టు రాజ్యాంగ ధర్మాసనము కర్ణాటక రాష్ట్రమునకు సంబంధించిన వ్యాజ్యములో మరియొక ముఖ్య విషయమును నిర్ణయించినది. ప్రాథమిక దశలో బాలుడు ఏ మాధ్యమమున చదువవలెనో ఎన్నుకొనుట తల్లిదండ్రుల స్వేచ్ఛ. మాతృభాషలోనే చదువవలెనని ప్రభుత్వము నిర్బంధింపరాదు. అనగా మన పిల్లలను తెలుగులో చదివింపుమని ఎవరును నిర్బంధింపరు. తలుపు తెరచియున్నది, లోనికి వచ్చుట, బయటికి పోవుట మన యిష్టము. 2002లో పదునొకండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము భాషాల్పసంఖ్యను రాష్ట్రమునుబట్టి నిర్ణయింపవలెనని తేల్చినందున, మన రాష్ట్రములో మనము అల్పసంఖ్యాకులమను విషయమున సందేహము లేదు. చట్టము తన పని తాను చేసినది.

మిగిలినది మన పని. ఆంగ్లము నేర్పవద్దని నేననను. నేర్పవలెను, బాగుగా నేర్పవలెను. కాని తెలుగు చదువ నేర్వని తరము ఒక్కటి వచ్చినచో, ఆ పిమ్మటి తరము తెలుగు ఉపాధ్యాయుని అడుగదు. అడుగువారు లేనిచోట పాఠశాల మూయుటకు ఏ నిరంకుశుడును అక్కరలేదు. హాజరుపట్టీయే దానిని మూసివేయును. అల్బేనియాలో ప్రభుత్వము మూసిన పాఠశాలకై ప్రజలు న్యాయస్థానము వరకు పోయిరి. ప్రజలే విడిచిన పాఠశాలకై ఎవరు ఎక్కడికి పోగలరు?

తోడుకొన్నంత కాలము బావిలో నీరు ఊరుచుండును. తోడుట మానినచో పూడిపోవును. హక్కును అట్టిదే. విద్యార్థులారా! మీ ఇంట చదువురాని తమ్ముడో చెల్లెలో ఉన్నచో ఈ సెలవులలో వారికి అక్షరములు దిద్దించుడు. ఆ పని 30వ అధికరణమునకు మీరు చేయు వ్యాఖ్యానమగును.

అభ్యాసము

1. అభిప్రాయమువలన ఏర్పడు అల్పసంఖ్యకును, భాషవలన ఏర్పడు అల్పసంఖ్యకును గల భేదమును సొంత ఉదాహరణముతో వివరింపుము.

2. "అందరి పాఠశాలలను మూసితిమి గనుక భేదము లేదు" అను వాదమును న్యాయస్థానము ఏల త్రోసివేసెను?

3. 30వ అధికరణమునకును 350-ఎ అధికరణమునకును గల భేదమేమి? మన పాఠశాలకు ఏది ఎక్కువ ఆధారము? ఏల?

4. చట్టము నిర్బంధింపకున్నను సమాజము నిర్బంధించు సందర్భమును నీవు చూచినది ఒకటి వ్రాయుము.

5. మీ వీధిలో మనకన్న తక్కువ సంఖ్యలో నున్న అన్యభాషా కుటుంబములున్నచో, వారిపట్ల మన ధర్మమేమి?